కోర్మెన్ పుస్తకం నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోతున్నవారికి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నారు. కోర్మెన్, లైసర్సన్, రివెస్ట్, స్టైన్ కలిసి రాసిన ‘ఇంట్రడక్షన్ టు అల్గారిథమ్స్’ కొని మొదటి పేజీ నుంచి వరుసగా చదువుతున్నారు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా నాలుగో అధ్యాయంలో రికరెన్సుల (పెద్ద సమస్యకు పట్టే సమయాన్ని దాని చిన్న ముక్కలకు పట్టే సమయంతో చెప్పే సమీకరణాల) దగ్గర ఆగిపోతున్నారు. చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది గానీ, సెక్షన్ చివర ఉన్న అభ్యాసాల్లో ఒక్కటీ సొంతంగా రావడం లేదు. ఈ పుస్తకం మానేసి వీడియోలూ, ప్రోగ్రామింగ్ అభ్యాసాల సైట్ అయిన లీట్‌కోడ్ లెక్కలూ పట్టుకోవాలా అన్నది ఒక సందేహం. సి భాషలో చేయాలా, పైథాన్‌లో చేయాలా అన్నది రెండోది.

పుస్తకం మానేయనక్కర్లేదు, వరుసగా చదవడం మానేస్తే చాలు. 1990లో తొలి కూర్పుగా వచ్చి, 2022లో నాలుగో కూర్పుకు చేరేసరికి పదమూడు వందల పేజీలు దాటిన గ్రంథమిది. ఒక సెమిస్టర్‌లో పట్టేదానికంటే ఇందులో చాలా ఎక్కువ సరుకు ఉందనీ, ఎవరికి కావలసిన అధ్యాయాలు వారు ఏరుకోవచ్చనీ రచయితలే ముందుమాటలో చెప్పారు. ముందుమాట చదవకుండా మొదటి అధ్యాయంలోకి దూకడం మనవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు కాబట్టి ఆ మాట ఎవరి కంటా పడదు.

ఏ అధ్యాయాలు, ఏ వరుసలో అన్నది తరవాత చెబుతాను. అంతకంటే ముఖ్యమైనది మీరు చెప్పిన ఈ మాట: అర్థమవుతోంది గానీ అభ్యాసాలు రావడం లేదు అన్నది. దీనికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, ఇంగ్లీషు రాకపోవడం అంతకన్నా కాదు; నిజానికి ఈ పుస్తకంలోని ఇంగ్లీషు చాలా తేలికైనది. ఇందులో ప్రతి అల్గారిథం దగ్గరా మూడు విషయాలు ఉంటాయి. ఇది ఏం చేసి పెడుతుందన్న హామీ మొదటిది. ఆ పని చేసే అంచెలు రెండోది. ఆ అంచెలు ఆ హామీని ఎందుకు తప్పకుండా నెరవేరుస్తాయన్న కారణం మూడోది. మన పరీక్షల్లో అల్గారిథం రాసి, ఒక ఉదాహరణ మీద నడిపి చూపిస్తే మార్కులు పడతాయి కాబట్టి, ఇంటర్ నుంచీ మన కన్ను రెండోదాని మీదే నిలవడానికి అలవాటుపడి ఉంటుంది. మూడోదాన్ని ‘ప్రూఫ్’ అన్న పేరు చూసి దాటేస్తాం. పుస్తకంలోని అభ్యాసాలేమో దాదాపుగా అన్నీ మూడోదాని నుంచే పుడతాయి. అంచెలు కంఠతా వచ్చినవాడికి అవి కొరుకుడు పడకపోవడంలో వింత లేదు.

దీన్ని ఒక ఉదాహరణ మీద చూద్దాం. బైనరీ సెర్చ్ (క్రమంలో ఉన్న వరుసను ప్రతిసారీ సగం చేస్తూ వెతకడం) మీకు వచ్చనే అనుకుంటారు. ఈ పుస్తకం దాన్ని పూర్తిగా రాసి ఇవ్వదు, రెండో అధ్యాయంలో ఒక అభ్యాసంగా వదిలేస్తుంది. ఆ ఆలోచన అచ్చులో మొదట 1946లో వచ్చిందనీ, ఎన్ని అంశాలున్నా తప్పులేకుండా పనిచేసే రూపం అచ్చు కావడానికి ఇంచుమించు 1960ల దాకా పట్టిందనీ ఈ రంగంలో ప్రసిద్ధమైన సంగతి. పది వరుసల ప్రోగ్రాంకు అంతకాలం ఎందుకు పట్టిందో మీరే రాసి చూస్తే తెలుస్తుంది.

పెరిగే క్రమంలో ఎనిమిది సంఖ్యలున్న అర్రే (వరుస స్థానాల్లో విలువలు ఉంచే పట్టీ) తీసుకోండి: 3, 7, 7, 12, 15, 21, 30, 44. స్థానాలు సున్నా నుంచి ఏడు వరకు. ఇచ్చిన సంఖ్యకు సమానంగా గానీ అంతకంటే పెద్దదిగా గానీ ఉన్న మొదటి అంశం ఏ స్థానంలో ఉందో చెప్పాలి. అలాంటిది లేకపోతే ఎనిమిది అని చెప్పాలి. ఇదీ హామీ. ఇప్పుడు ప్రోగ్రాం రాయకుండా, ‘ఎడమ’, ‘కుడి’ అని రెండు గుర్తులు పెట్టుకుని, వాటి గురించి ఎప్పుడూ నిజంగా ఉండవలసిన వాక్యం ఒకటి కాగితం మీద రాయండి: ఎడమ గుర్తుకు ముందున్న ప్రతి అంశమూ మనం వెతికే సంఖ్యకంటే చిన్నది, కుడి గుర్తు దగ్గరా, దాని తరవాతా ఉన్న ప్రతి అంశమూ ఆ సంఖ్యకు సమానం లేదా అంతకంటే పెద్దది. పుస్తకం ‘లూప్ ఇన్వేరియంట్’ అని పిలిచేది ఈ వాక్యాన్నే. మొదట్లో ఎడమ సున్నా, కుడి ఎనిమిది. ఎడమకు ముందు ఏమీ లేదు, కుడి తరవాతా ఏమీ లేదు కాబట్టి వాక్యం దానంతటదే నిజం.

ఇక అంచెలు ఈ వాక్యం నుంచే పుట్టుకొస్తాయి. ఎడమ, కుడి కలిపి రెండుతో భాగిస్తే మధ్య స్థానం వస్తుంది. అక్కడి అంశం వెతికే సంఖ్యకంటే చిన్నదైతే, మధ్యతో సహా అక్కడివరకూ ఉన్నవన్నీ చిన్నవే. కనుక ఎడమను మధ్య కంటే ఒకటి ఎక్కువ స్థానానికి జరపవచ్చు. లేకపోతే మధ్య నుంచి చివరివరకూ ఉన్నవన్నీ సమానమో, పెద్దవో. కనుక కుడిని మధ్య దగ్గరికే తేవాలి. ఎడమ, కుడి కలుసుకున్నప్పుడు ఆగాలి. అప్పుడు ఆ వాక్యమే జవాబు చెబుతుంది: దీనికి ముందున్నవన్నీ చిన్నవి, ఇక్కడి నుంచి ఉన్నవేవీ చిన్నవి కావు.

7 కోసం వెతికి చూడండి. ఎడమ 0, కుడి 8, మధ్య 4. అక్కడ 15 ఉంది, కుడి 4 అవుతుంది. మధ్య 2, అక్కడ 7 ఉంది, కుడి 2 అవుతుంది. మధ్య 1, అక్కడా 7 ఉంది, కుడి 1 అవుతుంది. మధ్య 0, అక్కడ 3 ఉంది, ఎడమ 1 అవుతుంది. రెండూ కలిశాయి, జవాబు 1. ఇప్పుడు ఎడమను ‘మధ్య కంటే ఒకటి ఎక్కువ’కు కాకుండా ‘మధ్య’కే జరిపామనుకోండి. చివరి అంచెలో ఎడమ 0, కుడి 1, మధ్య 0, మళ్లీ ఎడమ 0. ప్రోగ్రాం అక్కడే తిరుగుతూ ఉంటుంది, ఎప్పటికీ ఆగదు. ల్యాబ్‌లో ఇలాంటిది ఎదురైనప్పుడు ఒక చోట ప్లస్ వన్ పెట్టి చూడటం, ఇంకో చోట మైనస్ వన్ పెట్టి చూడటం, లూప్ షరతులో సమానం గుర్తు చేర్చి చూడటం మనకు పరిపాటి. వాక్యం కాగితం మీద ఉన్నవారికి ఆ తడుములాట ఉండదు, ఎందుకంటే ఎక్కడ ప్లస్ వన్ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో ఆ వాక్యమే నిర్ణయిస్తుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా మరో లోపం దాగి ఉండవచ్చు. ఎడమ, కుడి కలిపితే వచ్చే మొత్తం 32 బిట్ల పూర్ణసంఖ్య పరిమితి అయిన 2,14,74,83,647 దాటితే విలువ రుణసంఖ్యగా మారిపోతుంది. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఈ లోపం ఏళ్ల తరబడి ఉందని ఆ ప్రోగ్రాం రాసిన జాషువా బ్లాక్ 2006లో చెప్పారు. కుడి నుంచి ఎడమను తీసివేసి, సగం చేసి, ఎడమకు కలిపితే ఆ చిక్కు ఉండదు. పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు పరిమితి లేదు కాబట్టి అక్కడ ఈ సమస్యే రాదు. పుస్తకం కారణాన్ని నిరూపిస్తుంది గానీ, యంత్రం పరిమితులను మీరే చూసుకోవాలి.

ఇదే పద్ధతిని రెండో అధ్యాయంలోని, ప్రతి అంశాన్నీ దాని ముందున్న సర్దిన భాగంలో సరైన చోట చొప్పించే ఇన్సర్షన్ సార్ట్‌కు వర్తింపజేయండి. పుస్తకంలో దాని ఇన్వేరియంట్ పూర్తిగా రాసి ఉంది. దాన్ని ఒకసారి చదివి, మూసి, లీనియర్ సెర్చ్‌కూ సెలెక్షన్ సార్ట్‌కూ మీరే రాయండి. ఆ రెండూ అక్కడే అభ్యాసాలుగా ఉన్నాయి. ఆ అధ్యాయం చివరనున్న 2-4 ప్రాబ్లంను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ఒక అర్రేలో ముందు పెద్దది, వెనక చిన్నది ఉన్న జంటలను ఇన్వర్షన్లు అంటారు. 4, 1, 3, 2 అన్న వరుసలో అలాంటివి నాలుగు: 4–1, 4–3, 4–2, 3–2. ఇదే వరుస మీద ఇన్సర్షన్ సార్ట్ చేతితో నడిపి, అంశాలను ఎన్నిసార్లు కుడికి జరపవలసి వచ్చిందో లెక్కపెట్టండి. ఒకటిని చొప్పించడానికి ఒకసారి, మూడును చొప్పించడానికి ఒకసారి, రెండును చొప్పించడానికి రెండుసార్లు, మొత్తం నాలుగు. రెండు లెక్కలూ ఒకటే కావడం కాకతాళీయం కాదు. ఎందుకో మీకు మీరే చెప్పుకోగలిగితే, ఇన్సర్షన్ సార్ట్ దాదాపుగా క్రమంలో ఉన్న డేటా మీద ఎందుకు వేగంగా నడుస్తుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. పైథాన్‌లోని సార్ట్ చిన్న ముక్కల మీద ఇన్సర్షన్ సార్ట్‌నే ఎందుకు వాడుతుందో కూడా దీంతో అర్థమవుతుంది.

ఇక మిమ్మల్ని ఆపేస్తున్న నాలుగో అధ్యాయం. ఆగిపోవడంలో మీ తప్పేమీ లేదు. మొదటిసారి చదివేవారికి అక్కర్లేనివి అందులో చాలా ఉన్నాయి. స్ట్రాసెన్ మాత్రికల గుణకారం అద్భుతమైనదే. 1969లో ఎనిమిది గుణకారాల పనిని ఏడింటితో చేసి చూపించడం గొప్ప విషయమే. కానీ రికరెన్స్ అంటే ఏమిటో ఇంకా స్థిరపడని మనిషికి మొదటి ఉదాహరణగా అది బరువు ఎక్కువ. చాలా రికరెన్సులకు జవాబు నేరుగా చెప్పే మాస్టర్ థీరం నిరూపణ, నాలుగో కూర్పులో కొత్తగా చేరిన అక్రా-బజ్జీ పద్ధతి ఇప్పుడు అవసరం లేదు. మాస్టర్ థీరం ఏం చెబుతుందో తెలుసుకుని, వాడటం నేర్చుకుంటే చాలు. గేట్ పరీక్షకు కూడా అంతే కావాలి.

రికరెన్స్‌ను చెట్టు గీసి అర్థం చేసుకోండి. మెర్జ్ సార్ట్ అంటే అర్రేను సగాలుగా విడగొట్టి, ఒక్కో సగాన్నీ సర్ది, మళ్లీ కలపడం. మెర్జ్ సార్ట్‌లో ఎనిమిది అంశాలుంటే, పైన ఎనిమిది అంశాలను కలిపే పని ఒకటి. దాని కింద నాలుగేసి అంశాల పనులు రెండు. దాని కింద రెండేసి అంశాల పనులు నాలుగు. ఏ వరుస కూడినా ఎనిమిదే. వరుసలు మూడు, ఎందుకంటే ఎనిమిదిని ఒకటి అయ్యేదాకా మూడుసార్లే సగం చేయగలం. మొత్తం పని మూడు ఎనిమిదులు. ఎన్ అంశాలకు ఎన్ లాగ్ ఎన్ అనడంలో ఉన్నది ఇంతే; లాగ్ ఎన్ అంటే ఎన్‌ను ఒకటి అయ్యేదాకా ఎన్నిసార్లు సగం చేయగలమో ఆ సంఖ్య. దీని విలువ అంకెల్లో చూడండి: లక్ష అంశాలకు మెర్జ్ సార్ట్ చేసే పని సుమారు 17 లక్షల అంచెలైతే, ఇన్సర్షన్ సార్ట్ అత్యంత ప్రతికూలమైన ఇన్‌పుట్ మీద చేసే పోలికలు సుమారు 500 కోట్లు. సెకనుకు పది కోట్ల చిన్న పనులు చేసే యంత్రం మీద మొదటిది కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది, రెండోదానికి యాభై సెకన్లు పడుతుంది. మీ ల్యాప్‌టాప్ మీద రెండూ రాసి, ముందు పది వేలకూ తరవాత ఇరవై వేలకూ సమయం కొలవండి. అంశాలు రెట్టింపైతే ఒకదానికి సమయం రెట్టింపుకు కాస్త ఎక్కువవుతుంది, ఇంకోదానికి నాలుగింతలవుతుంది. అంశాలు పెరిగేకొద్దీ సమయం ఎలా పెరుగుతుందో చెప్పే బిగ్ ఓ గుర్తులున్న మూడో అధ్యాయం ఈ కొలతల తరవాత చదివితే చప్పున అర్థమవుతుంది, ముందు చదివితే ఒట్టి నిర్వచనాల దండకంలా ఉంటుంది.

భాష గురించి అడిగారు. రెండూ వాడండి, కానీ వేర్వేరు చోట్ల. పదో అధ్యాయంలోని లింక్డ్ లిస్టులు, స్టాకులు, క్యూలు సి భాషలో చేయండి. మెమరీలో ఏది ఎక్కడ ఉంటుందో, పాయింటర్ ఒక చోట తప్పితే ఏమవుతుందో అక్కడే తెలుస్తుంది. లిస్టులో మొదటి నోడ్‌ను తీసేసేటప్పుడు మాత్రం ప్రత్యేక షరతు ఎందుకు రాయవలసి వస్తోందో, ఆ అధ్యాయంలోనే చెప్పిన సెంటినెల్ నోడ్ (డేటా లేని కాపలా నోడ్) పెడితే ఆ షరతు ఎలా మాయమవుతుందో రాసి చూడండి. మిగిలిన అధ్యాయాలన్నీ పైథాన్‌లో చేయవచ్చు, ఆలోచన మీదే దృష్టి నిలుస్తుంది. అయితే పైథాన్ కొన్ని ఖర్చులను కనబడకుండా దాచిపెడుతుంది. పైథాన్ లిస్టు నిజానికి లింక్డ్ లిస్టు కాదు, పెరిగే అర్రే. దాని మొదట్లోంచి ఒక అంశం తీసేస్తే మిగిలినవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరగాలి. క్యూ కావలసిన చోట లిస్టు వాడి, బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ (గ్రాఫులో దగ్గరి నోడ్ల నుంచి దూరపు నోడ్ల దాకా వరుసగా వెతకడం) నెమ్మదిగా నడుస్తోందని వాపోయేవారు దీన్ని గమనించరు; అక్కడ రెండు చివర్లా చేర్చడం, తీయడం తేలికైన డెక్ వాడాలి. అలాగే బైనరీ సెర్చ్‌ను రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా) రాస్తూ ప్రతిసారీ సగం లిస్టును స్లైస్ చేసి, అంటే ఆ ముక్కకు నకలు తీసి పంపిస్తే, ఆ నకలు తీయడానికే ఎన్‌కు అనుపాతంలో సమయం పోతుంది, బైనరీ సెర్చ్ వల్ల వచ్చిన లాభమంతా అక్కడే కరిగిపోతుంది.

పుస్తకంలోని సూడోకోడ్‌ను (ఏ ఒక్క భాషకూ చెందని ప్రోగ్రాం రూపాన్ని) పైథాన్‌లోకి తెచ్చేటప్పుడు రెండు చోట్ల జారిపడతారు. మొదటిది, పుస్తకంలో అర్రేలు సాధారణంగా ఒకటి నుంచి మొదలవుతాయి. ఆరో అధ్యాయంలో, అర్రేలోనే ఇమిడ్చిన ఒక రకం చెట్టు అయిన హీప్‌లోని ఒక నోడ్ పిల్లలు దాని స్థానానికి రెట్టింపు దగ్గర, రెట్టింపుకు ఒకటి ఎక్కువ దగ్గర ఉంటాయని రాసి ఉంటుంది. సున్నా నుంచి మొదలుపెడితే అవి రెట్టింపుకు ఒకటి ఎక్కువ, రెండు ఎక్కువ అవుతాయి. దీన్ని మార్చకుండా ఎక్కిస్తే సున్నా స్థానంలోని వేరు తనకు తానే బిడ్డ అవుతుంది. రెండోది మరీ మోసకారి. నాలుగో కూర్పులో అర్రే ముక్కను చూపించడానికి కోలన్ వాడారు, అచ్చం పైథాన్ స్లైస్‌లాగే ఉంటుంది. కానీ పుస్తకంలో చివరి స్థానం కూడా ఆ ముక్కలో చేరి ఉంటుంది, పైథాన్‌లో చేరదు. ఈ ఒక్క తేడా వల్ల మెర్జ్‌లో చివరి అంశం రాలిపోయి, కారణం దొరక్క గంటలు గడిచిపోతాయి.

ఏది రాసినా సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక చిన్న పద్ధతి అలవాటు చేసుకోండి. పోటీ ప్రోగ్రామింగ్ చేసేవారు దీన్ని రోజూ వాడతారు, కళాశాల ల్యాబుల్లో మాత్రం దాదాపుగా ఎవరూ చెప్పరు. మీ ప్రోగ్రాం పక్కనే, అదే పనిని అత్యంత మొద్దుగా, నెమ్మదిగా, కానీ తప్పు పోవడానికి వీల్లేనంత తేలికగా చేసే మరో ఫంక్షన్ రాయండి. సున్నా నుంచి ఎనిమిది అంశాల దాకా ఉన్న చిన్న అర్రేలను యాదృచ్ఛికంగా పుట్టించండి. విలువలు సున్నా నుంచి ఐదు లోపే ఉండాలి, అప్పుడే ఒకే విలువ పదేపదే వస్తుంది. కొన్ని వేలసార్లు రెండు ఫంక్షన్లనూ నడిపి, జవాబులు తేడా వచ్చిన మొదటి అర్రేను అచ్చు వేయించండి. తప్పుంటే మూడు నాలుగు అంశాల అర్రేలోనే బయటపడుతుంది, దాన్ని చేతితో నడిపి చూసుకోవచ్చు. ఖాళీ అర్రే, ఒకే అంశమున్న అర్రే, అన్నీ సమానమైన అర్రే అన్న మూడింటిని మనం మరిచిపోతాం గానీ ఇది మరవదు.

అన్నీ సమానమైన అర్రే ఎంత ముఖ్యమో క్విక్ సార్ట్ చూపిస్తుంది. 1959లో మాస్కోలో విద్యార్థిగా ఉన్నప్పుడు బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ ఆలోచించిన అల్గారిథం ఇది. ఏడో అధ్యాయంలో ఇచ్చిన విధానం చివరి అంశాన్ని పివట్‌గా (మిగిలినవాటిని చిన్నవి, పెద్దవిగా విడగొట్టే కొలబద్దగా) తీసుకుంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు పైథాన్‌లో రాసి, ముందే క్రమంలో ఉన్న రెండు వేల సంఖ్యలు ఇవ్వండి. ప్రోగ్రాం రికర్షన్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, ఎందుకంటే పైథాన్ మామూలుగా వెయ్యి లోతు దాటనివ్వదు. ఇక్కడ ప్రతి విభజనలోనూ ఒక్క పివట్ మాత్రమే విడిపోతోంది కాబట్టి లోతు రెండు వేల దాకా వెళ్లవలసి వస్తుంది. అత్యంత ప్రతికూల సందర్భంలో ఎన్ స్క్వేర్ అన్న వాక్యం కంటికి కనబడేది ఇక్కడే. పివట్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఈ చిక్కు తీరుతుందని పుస్తకం చెబుతుంది, నిజమే. కానీ ఈసారి రెండు వేలసార్లు ఒకే సంఖ్య ఉన్న అర్రే ఇవ్వండి. యాదృచ్ఛికంగా ఎంచుకున్నా మళ్లీ అదే ఎర్రర్ వస్తుంది. ఎందుకో ఆలోచించి, చిన్నవి, సమానమైనవి, పెద్దవి అని మూడు భాగాలుగా విడగొట్టే పద్ధతి మీరే కనిపెట్టండి. అధ్యాయం చివర 7-2 ప్రాబ్లం అడిగేది ఇదే. ఇంటర్వ్యూల్లో ఈ ఒక్క ప్రశ్నతోనే, చదివినవారెవరో బట్టీ పట్టినవారెవరో నేను తేల్చుకోగలిగిన సందర్భాలు చాలా ఉన్నాయి.

పదకొండో అధ్యాయంలో హ్యాషింగ్ (కీ నుంచి ఒక సంఖ్య లెక్కగట్టి, దాన్నిబట్టి డేటాను గదుల్లో పెట్టడం) దగ్గర యూనివర్సల్ హ్యాషింగ్ అన్న సెక్షన్‌ను అందరూ వదిలేస్తారు, గణితం ఎక్కువని. మొదటిసారి నిరూపణ వదిలేయండి, ఆలోచన మాత్రం వదలకండి: హ్యాష్ ఫంక్షన్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకోవాలన్నదే అది. హ్యాష్ ఫంక్షన్ ఏదో ముందే తెలిస్తే, ఒకే గదిలో పడే కీలను కావాలని పోగుచేసి పంపి, సర్వర్‌ను కుదేలు చేయవచ్చు. 2011 డిసెంబరులో జర్మనీలో జరిగిన ఒక సదస్సులో అనేక భాషల మీద ఇది చేసి చూపించారు. ఆ తరవాతే 3.3 నుంచి పైథాన్‌లో స్ట్రింగుల హ్యాష్ విలువ ప్రోగ్రాం మొదలుపెట్టిన ప్రతిసారీ మారేలా చేశారు. ‘విజయవాడ’ అన్న స్ట్రింగుకు హ్యాష్ అచ్చు వేసి, పైథాన్‌ను మూసి మళ్లీ తెరిచి అచ్చు వేయండి; అంకె మారుతుంది. పుస్తకంలోని ఆ సెక్షన్ ఎందుకుందో అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న సమస్యల జవాబులు దాచుకుని పెద్దదానికి వాడుకోవడం) మూడో కూర్పులో పదిహేనో అధ్యాయం, నాలుగో కూర్పులో పద్నాలుగోది. దీనికి మాత్రం పుస్తకంలోని మొదటి ఉదాహరణకంటే ముందు చిల్లర లెక్క ఒకటి చేయండి. మన దగ్గర చలామణిలో ఉన్న 1, 2, 5, 10, 20 రూపాయల నాణేలతో ఏ మొత్తాన్నయినా అతి తక్కువ నాణేలతో ఇవ్వాలంటే, ప్రతిసారీ పట్టినంతలో పెద్ద నాణెం తీస్తే సరిపోతుంది. నాణేలు 1, 3, 4 మాత్రమే ఉన్న ఊరు ఒకటుందనుకోండి, 6 ఇవ్వాలి. పెద్దది ముందు తీసే పద్ధతి 4, 1, 1 అని మూడు నాణేలు ఇస్తుంది. 3, 3 ఇస్తే రెండే చాలు. సున్నా నుంచి ఆరు దాకా పట్టిక వేయండి: 0కు 0, 1కి 1, 2కు 2, 3కు 1, 4కు 1, 5కు 2. 6కు వచ్చేసరికి చివరి నాణెం 1 అయితే ముందున్నది 5, 3 అయితే ముందున్నది 3, 4 అయితే ముందున్నది 2. వాటి విలువల్లో అతి చిన్నది ఒకటి, దానికి ఒకటి కలిపితే రెండు. ‘చివరి నిర్ణయం ఏమై ఉంటుంది, అది తీసేస్తే మిగిలేది ఇదే రకమైన చిన్న సమస్యేనా’ అన్న ప్రశ్న ఈ అధ్యాయానికంతటికీ ఆధారం. ఆ ప్రశ్నకు జవాబు ముందు మాటల్లో రాసి, తరవాత సూత్రంగా రాసి, ఆఖరున ప్రోగ్రాంగా రాయండి. నేరుగా ప్రోగ్రాంలోకి దిగి రెండు లూపులు పెట్టి, లోపల ఏం రాయాలా అని చూస్తూ కూర్చుంటే రాదు. గ్రీడీ (ప్రతి అంచెలో అప్పటికి మేలనిపించేదాన్నే తీసే పద్ధతి) అధ్యాయం దీని వెంటనే చదవాలి, ఎందుకంటే అక్కడ అసలు విషయం పెద్దది ముందు తీయడం కాదు, అలా తీయడం ఎప్పుడు తప్పు కాదో నిరూపించడం.

ఇక వరుస. రెండో అధ్యాయం పూర్తిగా, తీరిగ్గా. మూడు పైపైన. నాలుగులో చెట్టు పద్ధతి, మాస్టర్ థీరం వాడకం. ఐదు వదిలేసి, పదికి వెళ్లి, వెనక్కి వచ్చి ఆరు, ఏడు, ఆ తరవాత పదకొండు, పన్నెండు. తమ సమతూకాన్ని తామే కాపాడుకునే రెడ్-బ్లాక్ ట్రీల పదమూడో అధ్యాయం మొదటి విడతలో ముట్టుకోకండి. సమతూకం తప్పిన బైనరీ సెర్చ్ ట్రీ ఎందుకు నెమ్మదిస్తుందో తెలిసి, రొటేషన్ అంటే ఏమిటో తెలిస్తే ఇప్పటికి చాలు. ఆ పైన డైనమిక్ ప్రోగ్రామింగ్, గ్రీడీ, గ్రాఫుల్లో మొదటి అధ్యాయమూ, ఒకే మూలం నుంచి హ్రస్వమార్గాల అధ్యాయమూ. ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు మీకు ఓపిక ఉన్నప్పుడు. గణితం అడ్డు తగిలినప్పుడు వెనక అనుబంధాలు తెరవండి. శ్రేణుల మొత్తాలకు ఒకటి, లెక్కింపుకూ సంభావ్యతకూ ఒకటి ఉన్నాయి, అవి పాఠశాల స్థాయి నుంచి మొదలవుతాయి. వినడం వల్ల బాగా ఎక్కేవారైతే ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ పాఠాలున్నాయి, చాలా స్పష్టంగా ఉంటాయి. అయితే పాఠం విన్న రోజునే ఆ సెక్షన్ అభ్యాసాలు పట్టకపోతే విన్నదంతా గాలికి పోతుంది.

అభ్యాసాలు అన్నీ చేయనక్కర్లేదు. సెక్షన్‌కు రెండో మూడో చాలు. నక్షత్రం గుర్తున్నవి కష్టమైనవి, వాటిని ఇప్పుడు వదిలేయవచ్చు. ఒక్కోదాని మీద ముప్పావు గంట గట్టిగా కూర్చోండి. రాకపోతే ఏయే దారులు ప్రయత్నించారో, ఎక్కడ ఆగిపోయిందో తెలుగులోనే నోట్సులో రాసి, మర్నాడు మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే చూడవచ్చు. ఎంపిక చేసిన అభ్యాసాలకు రచయితలే రాసిన సమాధానాలు ప్రచురణకర్తల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఎవరెవరో గిట్‌హబ్‌లో పెట్టిన సమాధానాల్లో తప్పులు తక్కువేమీ కాదు, వాటిని నమ్మే ముందు పైన చెప్పిన యాదృచ్ఛిక పరీక్ష పెట్టండి.

లీట్‌కోడ్ చేయవద్దని అనను. ప్లేస్‌మెంట్ల కాలంలో అది తప్పదు. కానీ దాన్ని పుస్తకానికి ముందు కాక, వెనక పెట్టండి. హీప్ అధ్యాయం అయ్యాక హీప్ లెక్కలు నాలుగైదు చేయండి. లెక్క పేరు చూడగానే ‘ఇది స్లైడింగ్ విండో’ అని గుర్తుపట్టడం నేర్చుకున్నవారు, ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే తెల్లమొహం వేయడం ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి వైపు కూర్చున్నవారికి బాగా తెలుసు.

ఒక అధ్యాయం పూర్తయిందని ఎలా తెలుస్తుందన్నది మీరు అడగలేదు గానీ, ఆగిపోయినవారందరికీ అవసరమైనది అదే. పుస్తకం మూసి, ఖాళీ ఫైలు తెరిచి, ఆ అల్గారిథాన్ని ఇన్వేరియంట్‌తో సహా రాయగలగాలి. అది యాదృచ్ఛిక పరీక్షలో నెగ్గాలి. ఏ ఇన్‌పుట్ ఇస్తే అది అత్యంత నెమ్మదిగా నడుస్తుందో ఒక ఉదాహరణ తయారుచేసి చూపించగలగాలి. ఈ మూడూ కుదిరితే ఆ అధ్యాయంలో చదవని పేజీలు ఎన్ని మిగిలినా ముందుకు వెళ్లిపోండి. ఈ ఆదివారం రెండో అధ్యాయంలోని మెర్జ్ సార్ట్‌తో మొదలుపెట్టి, నాలుగో అధ్యాయం జోలికి పోకుండా, ఆ మెర్జ్‌లోనే ఇన్వర్షన్లను ఎన్ లాగ్ ఎన్ సమయంలో లెక్కపెట్టే మార్పు చేయడానికి ప్రయత్నించండి. చిన్న సూచన: కుడి సగం నుంచి ఒక అంశాన్ని తీసిన క్షణంలో, ఎడమ సగంలో ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో చూడండి.